లెక్క ఎవరు చెప్పాలె? తొర్రూరు ప్రాంతంలో వెట్టి నుంచి సామాజిక తనిఖీ దాకా

పాలనలో జవాబుదారీతనం గురించి మన దగ్గర చర్చ తక్కువేం లేదు. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లోకాయుక్త చట్టం వచ్చింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. విజిలెన్సు విభాగాలున్నయి, ఆడిట్ శాఖలున్నయి. అయితే ఈ చర్చంతా ఒక పౌరుణ్ణి ముందే ఊహించుకొని నడుస్తది. ఆ పౌరుడు దరఖాస్తు రాయగలడు, ఆఫీసులో కుర్చీ గుంజుకొని కూసోగలడు, జవాబు రాకపోతే పై అధికారికి అప్పీలు చేయగలడు. గడి ముంగట చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి ఈ లెక్కలో ఎక్కడున్నడు? ఆయన అధికారిని లెక్క అడిగే స్థితికి ఎప్పుడొచ్చిండు, ఎట్ల వచ్చిండు, ఎంతవరకు వచ్చిండు? పాలనా చరిత్రకారులు ఈ ప్రశ్న వేసుకోలేదు. సాలార్‌జంగ్ సంస్కరణలు, జిలాబందీ, సర్వే సెటిల్మెంటు అంటూ పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చిన్రు. ఈ వ్యాసం కిందినుంచి పైకి చూసే ప్రయత్నం.

తొర్రూరు వరంగల్ నుంచి ఖమ్మం పోయే తొవ్వ మీద ఉన్న ఊరు. 1985లో మండల కేంద్రమైంది. 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా నుంచి విడిపోయి కొత్తగా ఏర్పడ్డ మహబూబాబాద్ జిల్లాలో కలిసింది, రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2018లో మున్సిపాలిటీ అయింది. అంటే ఒక తరం కాలంలోనే ఆఫీసులన్నీ ఊరి నడుమకు వచ్చినయి. ఒకప్పుడు కాగితం పట్టుకొని తహసీలుకు కాలినడకన పోయిన వాడకు ఇయ్యాల ఆఫీసు కూతవేటు దూరం. మరి ఆఫీసు దగ్గరికొచ్చినట్టు లెక్క దగ్గరికొచ్చిందా? అదే ఇక్కడి ప్రశ్న.

1. దస్తరం మోసినోడు

నిజాం రాజ్యంలో ఊరి పాలన ముగ్గురి చేతిలో ఉండె. శిస్తు వసూలుకు మాలీ పటేలు, శాంతిభద్రతలకు పోలీసు పటేలు, లెక్కలకు పట్వారీ. ఈ పదవులు వంశపారంపర్యం. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు లేకుంటె వారసుడు. పై అధికారి మారేటోడు, ఊరి అధికారి మారేటోడు కాదు. అవ్వల్ తాలుక్‌దారు (ఇప్పటి కలెక్టరు) జిల్లాకు వచ్చి పోయేటోడు. పట్వారీ ఇంట్లో దస్తరం మాత్రం తరతరాలు ఉండె. ఎవరి భూమి ఎంత, ఎవరు సాగు చేస్తున్నరు, ఎవరు బాకీ అన్నది అతను రాసిందే రాత.

ఈ ముగ్గురి కింద ఇంకో వరస ఉండె. కావలికారు, సేత్‌సింధీ, మస్కూరి, నీరటి, బేగరి. వీళ్లలో ఎక్కువమంది మాల మాదిగలు. వాళ్లకు కొద్దిపాటి ఇనాం భూమో, కళ్లం కాడ మేరో దక్కేది. వీళ్లు పాలనకు కాళ్లు, చేతులు. చాటింపుకు డప్పు వీళ్లది. చావడి కావలి వీళ్లది. బందెలదొడ్డి కాపలా వీళ్లది. ఇది కాక దళిత కుటుంబం నుంచి ఇంటికొక మనిషి వెట్టికి పోవాలె. తెలంగాణ సాయుధ పోరాటం గురించి రాసినవాళ్లలో పుచ్చలపల్లి సుందరయ్య ఈ వెట్టిని వివరంగా నమోదు చేసిండు. పటేలు పట్వారీల, దేశముఖుల ఇండ్లల్ల చాకిరీతో పాటు పోలీసు ఠాణాకు, తహసీలు కచేరీకి రిపోర్టులు మోసుకపోవడం కూడా ఈ వెట్టిలో భాగం.

ఈ చివరి మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలె. ఊరికి, రాజ్యానికి మధ్య నడిచిన ప్రతి కాగితం దళితుడి చేతుల మీదుగానే నడిచింది. ఆ కాగితంలో తన మీదనే ఫిర్యాదు ఉండొచ్చు. తన భూమి ఇంకొకరి పేర ఎక్కిన సంగతి ఉండొచ్చు. మోసినోడికి అది తెలువదు. చదువు నేర్వకుండ చేసింది కులం. కాగితాన్ని మోయించింది కూడా కులమే. అక్షరానికి దూరంగా ఉంచి అక్షరాన్ని నెత్తిన పెట్టిన్రు. పాలన దళితుణ్ణి బయటికి నెట్టిందని మనం మామూలుగా అంటుంటం. అది సగం నిజమే. పాలన దళితుడు లేకుండా ఒక్కరోజు నడవలేదు. అతను లోపలే ఉన్నడు, కానీ మూటకింద ఉన్నడు.

2. తనిఖీ వస్తే వెట్టి పెరిగేది

అప్పుడు తనిఖీ లేదా అంటే ఉండె. పట్వారీ రాసిన లెక్కలు చూడడానికి గిర్దావరు వచ్చేటోడు. తహసీల్దారు దౌరా వచ్చేటోడు. ఏటా జమాబందీ జరిగేది. కాగితం మీద చూస్తే పటిష్టమైన పర్యవేక్షణ. పాలనా చరిత్ర గ్రంథాలు దీన్ని ఆధునిక పరిపాలనకు గుర్తుగా చూపిస్తయి.

వాడలోంచి చూస్తే కథ వేరే. అధికారి దౌరా వస్తే దిగేది దొర గడిలనో, పటేలు ఇంట్లనో. ఎవరి లెక్క తనిఖీ చెయ్యాల్నో వాళ్ల ఇంట్లనే విస్తరి. ఆ విస్తరిలోకి కోడి, మేక, పాలు, నెయ్యి ఊరి కులాల నుంచి ఉచితంగా రావాలె. కట్టెలు కొట్టేది, నీళ్లు మోసేది, గుర్రాలకు గడ్డి కోసేది, సామాను పక్క ఊరికి చేర్చేది మాల మాదిగలు. డేరా ఎన్ని రోజులుంటె అన్ని రోజులు కూలి లేదు, సొంత పని లేదు. అంటే తప్పు చేసినోని మీద నిఘా పెట్టాల్సిన వ్యవస్థ ఆ తప్పుకు బలైనోని మీదనే కొత్త బరువు పెట్టింది. తనిఖీ ఎక్కువైతే వెట్టి ఎక్కువైంది. అధికారి అధికారికి లెక్క చెప్పిండు, దానికి ఖర్చు వాడ పెట్టుకున్నది.

వెట్టిని ఆపాలని ఉత్తర్వులు రాలేదా? వచ్చినయి. 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టి సమస్యను ముందుకు తెచ్చింది. 1920లలోనే నిజాం ప్రభుత్వం వెట్టిని నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చింది. అయితే ఆ ఉత్తర్వును ఊర్లో అమలు చేయాల్సింది ఎవరు? పటేలు, పట్వారీ. దాన్ని డప్పు కొట్టి చాటాల్సింది ఎవరు? వెట్టివాడు. వెట్టి రద్దయిందని వెట్టికి వచ్చి చాటాల్సిన పరిస్థితి! 1936లో భాగేలా ఒప్పందాల మీద వచ్చిన నియంత్రణ గతీ అంతే. అప్పు కింద జీతమున్న పాలేరును విడిపించాలంటే అప్పు ఎంతో తేలాలె. అప్పు రాసిన కాగితం ఆసామి పెట్టెల ఉన్నది. చట్టం రుజువు అడిగింది. రుజువు ముద్దాయి దగ్గర ఉన్నది.

అందుకే 1940లలో తొర్రూరుకు దగ్గరి పాలకుర్తి, విసునూరు, కడవెండి ప్రాంతం (అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకా) భగ్గుమన్నప్పుడు జనం ఉత్తర్వుల కోసం ఎదురుచూడలే. విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి మీద పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడ్డది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడయ్యిండు. పోరాటం సాగిన ఊర్లల్ల అప్పు పత్రాలు, పటేలు పట్వారీల కాగితాలు తగలబడ్డయి. చదవలేని కాగితం మీద జనం చెప్పిన తొలి తీర్పు అది. ఆ మంట అర్థం కావాలంటే ఆ దస్తరాన్ని అంతకుముందు ఎవరు మోసిన్రో గుర్తుండాలె.

3. పట్వారీ కలం, కొత్త రాజ్యం

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. 1949లో జాగీర్లు రద్దయినయి. 1950లో కౌల్దారీ చట్టం వచ్చింది. 1954-55లో ఖాస్రా పహాణీ తయారయింది. ఇయ్యాటికీ తెలంగాణలో భూమి తగాదా వస్తే కోర్టులు వెనక్కి తిరిగి చూసే రికార్డు అది. కొత్త రాజ్యం కొత్త చట్టాలు చేసింది కానీ కలం మాత్రం పాత చేతిలోనే ఉంచింది. రక్షిత కౌలుదారుగా ఎక్కాలంటే కౌలుదారు అయి ఉండాలె. తరతరాలుగా అదే చెలకను దున్నిన జీతగాడు కౌలుదారు కాడు, పాలేరు. కాలమ్‌లో అతనికి గడి లేదు. దున్నినోడు కాగితంలో కనిపించకుండ పోవడానికి ఎవరూ దొంగ లెక్క రాయనక్కర లేదు. కాలమ్ లేకుంటె చాలు.

ప్రభుత్వ భూమిలో కొంత లావుణి పట్టాల కింద దళితులకు వచ్చింది. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది, అలాంటి భూమిని ఇంకొకరు కొంటే వాపసు ఇప్పించాలన్నది. పట్టా ఒకరి దగ్గర, భూమి మరొకరి దగ్గర, పహాణీలో పేరు మూడో మనిషిది కావడం తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతే. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూకమిటీ నూటికి పైగా సిఫారసులు చేసింది. పేదలకు పంచిన భూమి పేదల చేతిలో ఎందుకు నిలవడం లేదన్నది ఆ కమిటీకి పెద్ద ప్రశ్న అయింది. చట్టం లేక కాదు, చట్టం అమలు కానప్పుడు అమలు చేయనోణ్ణి అడిగే తొవ్వ లేక.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. ఆంధ్రలో కరణం మునసబులు, తెలంగాణలో పటేలు పట్వారీలు ఒక్క దెబ్బకు పోయిన్రు. వాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయిన్రు, 1985లో కోర్టు రద్దును సమర్థించింది. ఇది చిన్న విషయం కాదు. వందేండ్ల పట్టు కూలింది. ఆ మరుసటేడే మండలాలు ఏర్పడి తొర్రూరుకు ఆఫీసు వచ్చింది.

కానీ ఒక సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. దస్తరం రాసినోని పదవి 1984లో పోయింది. దస్తరం మోసినోని పదవి పోలేదు. సేత్‌సింధీలు, మస్కూరీలు గ్రామసేవకులైన్రు, తర్వాత గ్రామ రెవెన్యూ సహాయకులైన్రు. పేరు మారింది, పని అదే. చాటింపు, కావలి, అధికారి బండి వెనుక నడక. వీళ్లల్ల ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాలవాళ్లే. 2022లో తెలంగాణలో వీళ్లు నెలల తరబడి సమ్మె చేసిన్రు. 2023లో 20 వేలకు పైగా సహాయకులను వేరే వేరే శాఖల్లో సర్దుబాటు చేసి క్రమబద్ధం చేసిన్రు. రద్దు కావడానికి పట్వారీకి ఒక్క ఆర్డినెన్సు చాలింది. మామూలు ఉద్యోగి కావడానికి మస్కూరికి ఇంకో 39 ఏండ్లు పట్టింది.

4. కమిటీల కాలం

1970ల తర్వాత రాజ్యం దళితుల కోసం పర్యవేక్షణ అనే మాటను చట్టాల్లోకి తెచ్చింది. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం జిల్లా, డివిజన్ స్థాయిల్లో విజిలెన్సు కమిటీలు వెయ్యాలన్నది, వాటిల్ల ఎస్సీ ఎస్టీ సభ్యులు ఉండాలన్నది. ఎస్.ఆర్. శంకరన్ లాంటి అధికారి ఉన్నప్పుడు ఆ చట్టానికి ప్రాణం వచ్చింది, జీతగాళ్లు విడుదలైన్రు. అధికారి బదిలీ అయితే చట్టం కూడా బదిలీ అయింది. మంచి అధికారి మీద ఆధారపడ్డ జవాబుదారీతనం దయే అవుతది, హక్కు కాదు.

1985 జులై 17 కారంచేడు తర్వాత దళిత ఉద్యమం ఆ దయను దాటి హక్కు అడిగింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నాలుగో సెక్షన్ అందుకే ముఖ్యం. విధిని కావాలని నిర్లక్ష్యం చేసిన అధికారికి (అతను ఎస్సీ ఎస్టీ కానివాడైతే) ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు అన్నది ఆ సెక్షన్. 1991 ఆగస్టు 6 చుండూరు తర్వాత, 1995లో నియమాలు వచ్చినయి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకొకసారి కూర్చోవాలె, ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు కూర్చోవాలె. ఈ కమిటీలు తేదీ ప్రకారం కూర్చుంటే అదే వార్త అనుకునే పరిస్థితి. నాలుగో సెక్షన్ కింద అధికారి శిక్ష పడి జైలుకు పోవడం అరుదులో అరుదు. ఎందుకంటే అధికారి తప్పు మీద విచారణ చేసి నివేదిక ఇవ్వాల్సింది ఇంకో అధికారి. జమాబందీ నాటి విస్తరి పోయింది, ఆ పొత్తు పోలేదు.

పైసల కథ ఇంకా పెద్దది. 1979-80 నుంచి దళితుల జనాభా నిష్పత్తిలో ప్రణాళిక నిధులు పక్కన పెట్టాలన్న విధానం ఉన్నది. ఆ నిధులు ఎక్కడికి పోయినయో అడిగినప్పుడు రాష్ట్రాలు రోడ్లు చూపించినయి, భవనాలు చూపించినయి. ఢిల్లీ ప్రభుత్వం ఆ నిధులను 2010 కామన్వెల్త్ క్రీడలకు మళ్లించిన సంగతి కేంద్ర హోంమంత్రే రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది. ఉద్యమ ఒత్తిడితో 2013లో ఉమ్మడి రాష్ట్రం ఉపప్రణాళిక చట్టం చేసింది. 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసి ఖర్చు కాని సొమ్మును మరుసటి ఏడాదికి తీసుకపోవచ్చన్నది. కానీ ఆ లెక్క చదివేది హైదరాబాదులో. తొర్రూరు వాడలో ఆ లెక్క చదివినోడు లేడు.

5. పేరు పిలిచి చదివిన నాడు

ఈ చరిత్రలో మలుపు ఉపాధి హామీ చట్టంతో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో వరంగల్ కూడా ఉన్నది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని, కాంట్రాక్టరు ఉండొద్దు, 15 రోజుల్లో కూలి. వీటికంటే మనకు ముఖ్యమైంది పదిహేడో సెక్షన్: గ్రామసభ సామాజిక తనిఖీ చెయ్యాలె.

ఈ ఆలోచన రాజస్థాన్ నుంచి వచ్చింది. అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో తొలి జన సునవాయి పెట్టింది. పని చేయని వాళ్ల పేర్లు, కట్టని కట్టడాల బిల్లులు జనం ముందు చదివిన్రు. ఆ సంఘటన్ కార్యకర్తల తోడ్పాటుతో 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో దీనికోసం ప్రత్యేక సంఘం ఏర్పడ్డది. పద్ధతి ప్రకారం రాష్ట్రమంతా, మండలం తర్వాత మండలం తనిఖీ చేసిన తొలి రాష్ట్రం ఇదే.

తనిఖీ ఎట్ల జరుగుతదో వివరంగా చూడాలె, అసలు విషయం అక్కడే ఉన్నది. ముందుగా మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల జాబితాలు ఆఫీసు నుంచి తీసుకుంటరు. కూలి కుటుంబాల నుంచే చదువుకున్న యువతీ యువకులను ఎంపిక చేసి శిక్షణ ఇస్తరు. వాళ్లు తమ ఊరు కాకుండా పక్క ఊరికి పోతరు. వాడలో ఇల్లిల్లు తిరిగి జాబు కార్డు చూస్తరు. మస్టరులో ఉన్న పేరు పిలిచి అడుగుతరు: ఫలానా వారం చెరువు పూడిక పనికి నువ్వు పోయినవా? ఎన్ని రోజులు పోయినవ్? చేతికి ఎంత వచ్చింది? పోకపోతే పోలేదని, పోతే ఇంత ముట్టిందని వాంగ్మూలం రాసి వేలిముద్రో సంతకమో తీసుకుంటరు. పని జరిగిన చోటికి పోయి టేపు పెట్టి కొలుస్తరు. మట్టికట్ట ఎంత ఉన్నది, పుస్తకంలో ఎంత ఉన్నది? ఊర్లో సభ పెట్టి చదువుతరు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక.

ఈ పద్ధతిలో బయటపడే మోసాలు కొత్తవి కావు. పట్నం వలసపోయినోని పేరు మీద హాజరు. సచ్చిపోయినోని పేరు మీద కూలి. రాత్రి జేసీబీ తవ్విన దాన్ని పగలు కూలీల లెక్కలో రాయడం. జాబు కార్డులు, పాసుబుక్కులు ఇంకొకరి పెట్టెల ఉండడం. భాగేలా కాగితం ఆసామి పెట్టెల ఉన్న రోజులు యాదికి రావాలె. మోసం పాతదే. కొత్తది ఏందంటే ఆ కాగితం వాడకు వచ్చి వాడ భాషలో గట్టిగా చదవబడడం.

దీన్ని తక్కువ చేసి చూడొద్దు. తాతలు నెత్తిన పెట్టుకొని తహసీలుకు మోసిన కాగితాన్ని మనవరాలు తన వాకిట్ల కూసొని చదివించుకొని విన్నది. తప్పైతే తప్పన్నది. పై నుంచి కిందికి అడిగే లెక్క ఒక్కసారి తిరగబడ్డది. తెలంగాణ పాలనా చరిత్రలో ఇట్ల జరగడం ఇదే మొదలు అంటే అతిశయోక్తి కాదు.

6. ఊరి మీద అనుమానం

అయితే గ్రామసభ అనగానే మనకు ఒక అనుమానం రావాలె. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఊరిని గణతంత్రంగా పొగిడినవాళ్లను గట్టిగా తిప్పికొట్టిండు. సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి ఊరు ఆలవాలమని ఆయన వాదన. అట్లాంటి ఊరి సభకే తనిఖీ అప్పజెప్పితే ఎవరు నోరు విప్పుతరు? సర్పంచి దగ్గరో, అతని అన్నదమ్ముల దగ్గరో అప్పు ఉన్నది. నాట్లకు వాళ్ల పొలంలకే పోవాలె. వాళ్ల బావి నీళ్లే మడికి రావాలె. ఉపాధి పని ఏడాదికి కొన్ని రోజులు, ఊరితోటి బతుకు ఏడాదంతా.

ఇక్కడ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పద్ధతి రాజస్థాన్ కంటే ఒక అడుగు ముందుకు వేసింది. తనిఖీ చేసేటోళ్లను ఊరి బయటినుంచి తెచ్చింది. చివరి సభను ఊరి చావడి నుంచి తీసి మండల కేంద్రానికి మార్చింది. తొర్రూరు లాంటి మండల కేంద్రంలో ఎంపీడీవో, జిల్లా అధికారులు, విజిలెన్సు అధికారి ఒక వేదిక మీద కూసుంటరు. ఊరి పెద్దమనిషికి చావడిలో ఉన్న బలం ఇక్కడ కొంత తగ్గుతది. వాడ మనిషికి ఊర్లో లేని గొంతు ఇక్కడ కొంత వస్తది. అంబేడ్కర్ అనుమానానికి కాలినడకన వెతికిన జవాబు ఇది. ఊరి పెత్తనాన్ని దాటాలంటే ఊరు దాటాలె.

అది సగం జవాబే. ఊరు దాటి మండలానికి వచ్చేలోపల రాత్రి ఒకటి గడవాలె. ఆ రాత్రి మాటలు జరుగుతయి, బెదిరింపులు జరుగుతయి, ఇచ్చిన వాంగ్మూలం మారుతది. పొద్దుగాల వేదిక మీద పేరు పిలిస్తే మనిషి రాడు. వచ్చినా నేను పనికి పోయిన అంటడు. దీన్ని అధికారులు రుజువు కాలేదని రాస్తరు. రుజువు కాకపోవడం వేరు, రుజువును నోరు నొక్కడం వేరు. ఈ తేడా రాయడానికి ఫారంలో కాలమ్ లేదు, 1955 పహాణీలో జీతగానికి లేనట్టే.

7. లెక్క తేలినంక

సామాజిక తనిఖీకి అసలు పరీక్ష వేదిక దిగినంక మొదలవుతది. లెక్క తేల్చింది జనం. శిక్ష వేయాల్సింది అధికారులు. పైసలు వాపసు రాబట్టాల్సింది కూడా అధికారులే. తనిఖీల్లో దుర్వినియోగమని తేలిన సొమ్ములో వసూలైంది చిన్న భాగమే అన్నది ఈ పథకం మీద పనిచేసిన పరిశోధకులంతా ఒప్పుకున్న సంగతి. ఈ లోపం పూడ్చాలని 2012లో ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టమే చేసింది. చట్టం వచ్చినా వసూళ్ల తీరు పెద్దగా మారలే.

శిక్ష పడ్డప్పుడు ఎవరి మీద పడ్డది? ఎక్కువగా ఫీల్డ్ అసిస్టెంటు మీద. అతను ఊర్లో అందరికంటె చిన్న ఉద్యోగి, కాంట్రాక్టు మనిషి. మస్టరు అతను రాసిండు నిజమే. కొలత చూసి సంతకం పెట్టినోడెవరు? బిల్లు పాస్ చేసినోడెవరు? సంతకాల గొలుసులో కింది కొక్కెం తెగుతది, పై కొక్కేలు బదిలీతో బయటపడతయి. తెలంగాణలో 2020 మార్చిలో సమ్మెకు పోయిన ఫీల్డ్ అసిస్టెంట్లు సుమారు 7,600 మందిని ప్రభుత్వం తొలగించింది, 2022 ఆగస్టులో మళ్లీ తీసుకున్నది. అప్పుడు వాళ్ల పని పంచాయతీ కార్యదర్శుల మీద పడ్డది. ఆ రెండేండ్లలో లెక్కకు బాధ్యులెవరని అడిగితే జవాబు ఇంకా పైకి పోవాలె కదా!

తనిఖీ పేరే పెత్తనానికి పనికొచ్చే సందర్భాలు కూడా ఉన్నయి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచికి, ఉపసర్పంచికి కలిపి చెక్కు అధికారం ఇచ్చింది. నిగ్రాణి కోసమని చెప్పిన్రు. రిజర్వుడు ఊర్లో దళిత మహిళ సర్పంచి అయి, పెద్ద కులపాయన ఉపసర్పంచి అయితే ఆ సంతకం నిగ్రాణి అవుతదా, కళ్లెం అవుతదా? తనిఖీ ఎవరు ఎవరిని చేస్తున్నరన్నది చూడకుండా తనిఖీ మంచిదని చెప్పలేం.

భూమి లెక్క కథ చూస్తే ఇది ఇంకా తేటగా తెలుస్తది. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020 సెప్టెంబరులో వీఆర్వో పదవులు రద్దయినయి. అక్టోబరు 29న ధరణి వచ్చింది. అవినీతి చేసే మనిషినే తీసేసినం అన్నరు. కానీ మనిషితో పాటు అనుభవదారు కాలమ్ పోయింది, అప్పీలు చేసుకునే తొవ్వ కూడా పోయింది. పేరు తప్పు పడితే సివిల్ కోర్టుకు పొమ్మన్నరు. అర ఎకరం అసైన్డ్ చెలక కోసం కూలోడు సివిల్ కోర్టుకు పోగలడా? పట్వారీ పోయి కంప్యూటర్ వచ్చింది. దస్తరం మోసేటోళ్లు కూడా అక్కరలేకుండ పోయిన్రు, చదివి వినిపించేటోళ్లు మాత్రం రాలే. 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, దాని స్థానంలో భూభారతి చట్టం అమల్లోకి వచ్చి అప్పీళ్లకు మళ్లీ తొవ్వ ఇచ్చింది. ఇది మేలే. కానీ అప్పీలు కూడా అధికారి నుంచి అధికారికే పోతది. ఉపాధి హామీలో మస్టరు చదివినట్టు భూమి రికార్డును వాడలో నిలబడి చదివే పద్ధతి భూమి పాలనలో ఒక హక్కుగా స్థిరపడలే. 100 రోజుల కూలికి జనం తనిఖీ ఉన్నది. తరతరాల భూమికి లేదు. ఎందుకు లేదో వేరే చెప్పనక్కర లేదు.

ముగింపు

ఈ చరిత్ర నుంచి ఒక్క మాట తేల్చి చెప్పొచ్చు. తెలంగాణలో పర్యవేక్షణ లేక దళితులు నష్టపోలేదు. పర్యవేక్షణ ఎప్పుడూ ఉన్నది. గిర్దావరు ఉన్నడు, జమాబందీ ఉన్నది, విజిలెన్సు కమిటీ ఉన్నది, ఆడిట్ ఉన్నది. లోపం ఎక్కడంటె లెక్క నడిచిన దిక్కులో. వాడ మనిషి ఎప్పుడూ లెక్క చెప్పేటోడుగనే ఉన్నడు, లేకుంటె లెక్క మోసేటోడుగ ఉన్నడు. 2006 తర్వాత కొన్నేండ్లు, ఒక్క పథకంలో, ఆ దిక్కు మారింది. వాడ లెక్క అడిగింది. మారింది కాబట్టే మార్చొచ్చని తెలిసింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. ఎన్ని రోజుల పని, కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత అన్న చర్చ నడుస్తున్నది. ఆ చర్చ జరగాల్సిందే. దాంతో పాటు మనం అడగాల్సింది ఇంకొకటి ఉన్నది. మస్టరు చదివే హక్కు ఏమవుతది? తనిఖీ చేసేటోళ్ల జీతం తనిఖీ చేయించుకునేటోని చేతిలో ఉండకుండ ఎట్ల చూడాలె? తేలిన లెక్కకు గడువులోపల శిక్ష వేయకపోతే ఆ అధికారి మీదనే చర్య ఎందుకుండొద్దు? నాలుగో సెక్షన్ ఆలోచన అత్యాచారాల చట్టంలనే ఎందుకు ఆగిపోవాలె? ఉపప్రణాళిక పైసలు, అసైన్డ్ భూముల రికార్డులు, హాస్టళ్ల ఖర్చులు వాడవాడలో చదవాలని ఎందుకు అడగొద్దు?

దస్తరం మోసినోని మనవలు ఇయ్యాల దస్తరం చదవగలరు. చదవనిచ్చే చట్టం, చదివినంక నిలబడే బలం, తేలినంక అమలయ్యే శిక్ష, ఈ మూడూ కలిస్తేనే జవాబుదారీతనం. ఒక్కటి తక్కువైనా అది మళ్లీ జమాబందీయే. విస్తరి వేసేది మళ్లీ మనమే.